అమ్మ వెన్నుని కాపాడిన వాళ్లకి

నీళ్ల బకెట్ ఎత్తబోతే అమ్మకి నడుం కలుక్కుమంది. ఈ వయసులో మామూలే, బామ్ రాసి పడుకోబెట్టండి అన్నారు చాలామంది. సత్యనారాయణపురంలో మా ఎదురింటి పిన్నిగారు మాత్రం ఊరుకోలేదు. ఆవిడ స్టాఫ్ నర్సుగా చేసి రిటైరయ్యారు. "అక్కయ్యా, మీ చీర కుచ్చిళ్లు నేలకి జీరాడుతున్నాయి. మీరు పొట్టి అయ్యారు, ఎక్స్‌రే తీయించండి" అని పట్టుబట్టారు. తీయిస్తే వెన్నుపూస ఒకటి నలిగిపోయి ఉంది. పిన్నిగారూ, మీ రుణం తీర్చుకోలేం.

సూర్యారావుపేటలో చూసిన ఎముకల డాక్టరు గారు బెల్టు రాసిచ్చి పంపేయలేదు. బకెట్ ఎత్తితేనే ఎముక ఎందుకు విరిగిందో తేల్చాలన్నారు. డెక్సా స్కాన్‌లో టీ-స్కోర్ మైనస్ 3.1 వచ్చింది. డెక్సా అంటే ఎముక సాంద్రత కొలిచే పరీక్ష, టీ-స్కోర్ అంటే పడుచు వయసు ఎముకతో పోలిస్తే ఎంత తేడా ఉందో చెప్పే అంకె. మైనస్ 2.5 గానీ అంతకన్నా కిందికి గానీ ఉంటే ఆస్టియోపోరోసిస్, అంటే ఎముకలు గుల్లబారే జబ్బు అట. నెలసరి ఆగాక ఈస్ట్రోజెన్ హార్మోన్ పడిపోతుంది, కొత్త ఎముక కట్టుకునే దానికన్నా పాతది కరిగేదే ఎక్కువవుతుంది, విరిగేదాకా నొప్పి ఉండదు అని కాగితం మీద బొమ్మ గీసి మరీ అమ్మకి చెప్పారు. విటమిన్ డి, కాల్షియం, థైరాయిడ్, కిడ్నీ పరీక్షలన్నీ చూశాకే మందు మొదలుపెట్టారు. అంత ఓపిగ్గా చెప్పేవాళ్లు దొరకడం అదృష్టం.

మందుల షాపు తమ్ముడికి ప్రత్యేకంగా చెప్పాలి. డాక్టరు గారు రాసింది ఎముక కరగడాన్ని తగ్గించే అలెండ్రోనేట్ మాత్ర, వారానికొకటి వేసుకోవాలి. పరగడుపున నిండు గ్లాసు మంచినీళ్లతోనే మింగాలి. తర్వాత కనీసం అరగంట పడుకోకూడదు, ఏమీ తినకూడదు, కాల్షియం బిళ్ల కూడా అప్పుడు వద్దు. లేవగానే ఫిల్టర్ కాఫీ పడందే అమ్మకి తెల్లారదు. ఆ అబ్బాయి కౌంటర్ వదిలి వచ్చి, మాత్ర దారిలో ఆగితే అన్నవాహికకి పుండు పడుతుందమ్మా అని నెమ్మదిగా నచ్చజెప్పాడు. ఇప్పుడు ఆదివారం కాఫీ ఆలస్యమైనా అమ్మ సణగడం లేదు.

నడుం వంచి ముగ్గు వేయొద్దని, మంచం మీంచి పక్కకి తిరిగి చేతి ఊతంతో లేవాలని నేర్పిన ఫిజియోథెరపీ అమ్మాయికి, బాత్‌రూమ్‌లో గోడకి కడ్డీలు బిగించి కూలి వద్దన్న ప్లంబర్ అన్నకి కూడా నమస్కారాలు. అమ్మ రోజూ రాగిజావ తాగి, సాయంత్రం వీధి చివరిదాకా నడిచి వస్తోంది.

అరవై ఐదు దాటిన ఆడవాళ్లు ఎముక విరక్కపోయినా డెక్సా చేయించుకోవాలన్నారు కదా డాక్టరు గారూ, వచ్చే వారం మా పెద్దమ్మని తీసుకొస్తున్నాను.