పోర్చ్ మీదున్న గుమ్మడికాయల్ని చెత్తలో పారేయకండి ప్లీజ్

హాయ్ అండి అందరికీ, హాలోవీన్ అయిపోయింది కదా, నిన్న వాకింగ్‌కి వెళ్తే మన వీధిలో సగం ఇళ్ల ముందు గుమ్మడికాయలు అలాగే ఉన్నాయి, రేపు చెత్త బండి వస్తే అన్నీ అందులోకే పోతాయని మెసేజ్ పెడుతున్నా.

కొయ్యకుండా ఊరికే అలంకారానికి పెట్టినవి, రంగులు గ్లిటర్ లేనివి, గట్టిగా ఉంటే శుభ్రంగా వండుకోవచ్చు. ముఖం చెక్కి లోపల దీపం పెట్టినవి మాత్రం తినొద్దు, రోజుల తరబడి బయట ఉండి బూజు పట్టేస్తాయి. వాటిని మైనం గీకేసి, గింజలు తీసేసి కంపోస్ట్‌లో వెయ్యండి, గింజలు వదిలేస్తే వచ్చే వేసవికి పెరడంతా తీగలే 😀

పెద్ద కాయలు కాస్త నీరుగా, పీచుగా ఉంటాయి, తీపి తక్కువ. అందుకే నేను దప్పళంలో వేస్తా, చింతపండు పులుసులో ములక్కాడ, చిలగడదుంపతో పాటు, బెల్లం మామూలు కంటే ఓ ముక్క ఎక్కువ. "పై పంప్‌కిన్" (pie pumpkin) అని అమ్మే చిన్న తియ్యటి గుమ్మడికాయలు దొరికితే హల్వాకి అవే బెస్ట్. వడియాలు పెట్టొచ్చా అని ఒక వదిన అడిగారు, అవి బూడిద గుమ్మడికాయతో కదండీ, ఇది ఆ కాయ కాదు.

ఇంకా మిగిలితే ఉడికించి మెత్తగా చేసి ఫ్రీజర్‌లో పెట్టేయండి, సీసాల్లో నింపి, వేడి చేసి, గాలి చొరకుండా మూసి నిల్వ పెట్టే క్యానింగ్ మాత్రం చెయ్యొద్దు, గుజ్జుకి ఇంట్లో అది సేఫ్ కాదు. కొయ్యని కాయలు ఎవరికైనా వద్దంటే మా గరాజ్ ముందు పెట్టేయండి, నేను తీసుకుంటా.