యుద్ధ స్మారకం కడితే ముందు పేర్లు చెక్కండి

ఎడిటర్ గారికి,

ఏ పట్టణంలో పార్కు బాగుచేసే పని మొదలైనా ‘ఇక్కడో యుద్ధ స్మారకం కూడా కడదాం’ అని ఎవరో ఒకరు అంటారు. ఆ తర్వాత జరిగేది చాలాచోట్ల ఒకటే. ఓ పాత ట్యాంకు తెచ్చి దిమ్మె మీద పెడతారు, అది దొరక్కపోతే తుపాకీ పట్టుకున్న సిమెంటు సైనికుడు, చుట్టూ రంగుల లైట్లు, పక్కనే సెల్ఫీ పాయింటు. చనిపోయినవాళ్ల పేర్లు ఎక్కడున్నాయని వెతికితే కనిపించేది ప్రారంభోత్సవ శిలాఫలకం, అందులో ఎమ్మెల్యే గారి పేరు, ఛైర్మన్ గారి పేరు!

అందుకే వాషింగ్టన్‌లోని వియత్నాం యుద్ధ స్మారకం గురించి రాయాలనిపించింది. అమెరికాలో పిల్లల దగ్గరికి వెళ్లొచ్చిన మనవాళ్లు చాలామంది చూసే ఉంటారు. లింకన్ మెమోరియల్ మెట్లు దిగి ఎడమ వైపు నడిస్తే, కాన్‌స్టిట్యూషన్ గార్డెన్స్ అనే పార్కులో ఉంటుంది. కొంత దూరం నుంచి చూస్తే అక్కడ కట్టడం ఉందనే తెలీదు, ఎందుకంటే అది పైకి లేవకుండా నేలలోకి దిగుతుంది. రెండు నల్లరాతి గోడలు, ఒక్కోటి 246 అడుగుల పైనే పొడవు, చివర్లలో జానెడు ఎత్తు, రెండూ కలిసే మూల దగ్గర 10 అడుగులు. ఒక గోడ వాషింగ్టన్ స్తంభం వైపు, ఇంకోటి లింకన్ మెమోరియల్ వైపు సాగుతుంది. వాటి మీద బొమ్మలేమీ లేవు, ఉన్నవి 58 వేలకు పైగా పేర్లు. అన్నట్టు ఆ రాయి మన పక్కనున్న బెంగళూరు ప్రాంతం నుంచే వెళ్లింది! అద్దంలా పాలిష్ పట్టారు కాబట్టి పేరు చదువుతుంటే మన మొహం కూడా అందులో కనబడుతుంది.

ఇది ప్రభుత్వం తలపెట్టింది కాదు. జాన్ స్క్రగ్స్ అనే మాజీ సైనికుడు 1979లో మొదలుపెట్టాడు, అక్కడి పార్లమెంటు అయిన కాంగ్రెస్ 1980లో స్థలం ఇచ్చింది, డబ్బంతా విరాళాలే. 1981లో డిజైన్ పోటీ పెడితే 1,421 ఎంట్రీలు వచ్చాయి. ఎవరిది ఏదో న్యాయనిర్ణేతలకి తెలియకుండా పేర్లు దాచి నంబర్లు వేశారు. గెలిచిన 1026వ నంబరు డ్రాయింగు మాయా లిన్ అనే 21 ఏళ్ల కాలేజీ విద్యార్థినిది. పేర్లు కనబడేలా ఉంటే ఆ అమ్మాయిని ఎంతవరకూ రానిచ్చేవారో నాకైతే అనుమానమే. ఎందుకంటే గెలిచాక పెద్ద గొడవే అయింది. నలుపు సిగ్గుకి గుర్తన్నారు, గోతిలో పెట్టారన్నారు, ఆమె చైనా మూలాల్ని కూడా లాగారు. చివరికి రాజీ కుదిరి ముగ్గురు సైనికుల కంచు విగ్రహం, జెండా కూడా పెట్టడానికి ఒప్పుకున్నారు. వాటిని గోడ మూల దగ్గరే నిలబెట్టాలని పట్టుబట్టినవాళ్లున్నారు గానీ, పక్కకి జరిపి పెట్టారు, అదృష్టం. గోడని 1982 నవంబరులో అంకితం చేశారు, విగ్రహం 1984లో వచ్చింది.

నాకు అన్నిటికంటే నచ్చింది పేర్ల వరుస. అక్షర క్రమం కాదు, చనిపోయిన లేదా ఆచూకీ లేకుండా పోయిన తేదీల క్రమం. అక్షర క్రమంలో రాస్తే స్మిత్ అనే ఇంటిపేరే వందల్లో వస్తుంది, టెలిఫోన్ డైరెక్టరీ అయిపోతుంది. ఇప్పుడైతే ఒకే రోజు ఒకే పోరులో పడిపోయినవాళ్లు పక్కపక్కనే ఉంటారు, బతికొచ్చిన స్నేహితుడు ఆ తేదీ దగ్గరికి వెళితే వాళ్లందరూ అక్కడే దొరుకుతారు. 1959తో మూల దగ్గర మొదలై కుడివైపు సాగి, ఎడమ చివర మళ్లీ అందుకుని, 1975తో అదే మూలకి చేరుతుంది. ఏ పేరు ఏ పలకలో ఉందో చెప్పే పుస్తకం దారి మొదట్లోనే పెట్టారు. పేరు పక్కన వజ్రం గుర్తుంటే మరణం ఖాయమైనట్టు, కూడిక గుర్తుంటే ఆచూకీ తెలియనట్టు. చిన్న విషయమే, కానీ ఇంటివాళ్లకి అది చిన్నది కాదు.

మన దగ్గర అసలు లేవని కాదు. ఢిల్లీలో 2019లో ప్రారంభించిన జాతీయ యుద్ధ స్మారకంలో 25 వేలకు పైగా పేర్లున్నాయి, 2020లో గాల్వాన్‌లో అమరుడైన సూర్యాపేట కల్నల్ సంతోష్‌బాబు గారి పేరు కూడా అక్కడ ఉంది. అయితే అవి స్వాతంత్ర్యం తర్వాతివి. తాడేపల్లిగూడెం దగ్గర మిలటరీ మాధవరం లాంటి ఊళ్ల నుంచి రెండు ప్రపంచ యుద్ధాలకీ వెళ్లినవాళ్లున్నారు, వాళ్ల సంగతేంటి? అయినా పేరు చూసుకోవడానికి ముసలి తల్లి ఢిల్లీ దాకా వెళ్లాలా?

కాబట్టి మున్సిపాలిటీల వాళ్లకి నా మనవి ఇది. ట్యాంకు పెట్టుకుంటే పెట్టుకోండి, ముందు ఆ జిల్లా నుంచి వెళ్లి తిరిగి రానివాళ్ల పేర్లు తెలుగులో, ఊరి పేరుతో సహా, చేతికి అందే ఎత్తులో చెక్కించండి. జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయాన్ని, మాజీ సైనికుల సంఘాల్ని అడిగితే జాబితా తయారుచేయడం మరీ కష్టమేం కాదు. చెక్కించే ముందు మాత్రం ఆ జాబితాని ఒక నెల నోటీసు బోర్డులో పెట్టండి, మీ పత్రికలో కూడా వేయండి. ఇంటిపేరు తప్పు పడిందనో, ఊరు మారిందనో, మావాడి పేరే లేదనో కుటుంబాల వాళ్లే వచ్చి చెబుతారు. గ్రానైటు మీద ఒకసారి చెక్కేశాక దిద్దాలంటే మొత్తం పలకే మార్చాలి.

ఇట్లు,
ఒక పాఠకుడు, తాడేపల్లిగూడెం