వకాలత్తు వేయొద్దనడానికి మీరెవరు?

సంపాదకుడు గారికి,

పది రోజుల కిందట మీ జిల్లా పేజీలో వచ్చిన వార్త చదివినప్పటి నుంచి నాకు మనసు మనసులో లేదు. ఒక అమ్మాయి హత్య కేసులో నిందితుడి తరఫున ఎవరూ వకాలత్తు వేయకూడదని లాయర్ల సంఘమైన బార్ అసోసియేషన్ తీర్మానించింది. దాన్ని మీరు మెచ్చుకుంటూ రాశారు. ఆ అమ్మాయి తల్లిదండ్రుల కడుపుకోత ఎవరూ తీర్చలేనిది. చేసినవాడికి శిక్ష పడాల్సిందే, అందులో నాకు రెండో మాట లేదు. కానీ చేసింది వాడేనా అని ఇంకా తేలాల్సి ఉంది. తేల్చే చోట వాడి వైపు నుంచి ఒక్క ప్రశ్న అడిగే మనిషి కూడా ఉండకూడదంటే ఇక విచారణ దేనికి?

లాయర్లకు తెలియని విషయమేమీ కాదిది. కోయంబత్తూరు లాయర్లు ఒక కేసులో పోలీసుల తరఫున వాదించబోమని తీర్మానం చేస్తే, అలాంటి తీర్మానాలు చెల్లవని, రాజ్యాంగానికీ వృత్తి ధర్మానికీ విరుద్ధమని సుప్రీంకోర్టు 2010 డిసెంబర్ 6న తేల్చి చెప్పింది. అయినా ఏదో ఒక ఊళ్లో ఏదో ఒక బార్ మళ్లీ అదే పని చేస్తూనే ఉంది. నచ్చిన లాయర్‌ను పెట్టుకునే హక్కు రాజ్యాంగం 22వ అధికరణంలోనే ఉంది. పెట్టుకునే స్తోమత లేనివాడికి ప్రభుత్వమే లాయర్‌ను ఇవ్వాలని 39ఎ చెబుతోంది. ముంబయి దాడుల కేసులో కసబ్‌కు కూడా కింది కోర్టు నుంచి సుప్రీంకోర్టు దాకా లాయర్లను ఇచ్చారు. ఇచ్చారు కాబట్టే 2012లో ఉరిశిక్ష ఖరారైనప్పుడు ఎవరూ వేలెత్తి చూపలేకపోయారు. నిందితుడికి లాయర్ లేకుండా విచారణ నడిపితే ఆ విచారణే చెల్లకుండా పోతుంది. అప్పుడు నష్టపోయేది ఆ అమ్మాయి తల్లిదండ్రులే. చేతులెత్తి తీర్మానం చేసినవారు ఈ మాట వాళ్లకు చెప్పారా?

నేను ముప్పై ఏళ్లు కోర్టులో గుమాస్తాగా చేసి రిటైరయ్యాను. రిమాండ్‌కు తెచ్చినవాళ్లను వందల మందిని చూశాను. ఒక కుర్రాడు ఇప్పటికీ గుర్తొస్తాడు. ‘పోలీసులు కొట్టారా?’ అని మేజిస్ట్రేటు గారు అడిగారు. వాడు ఆయన వైపు చూడలేదు. తనను పట్టుకుని నిలబడ్డ కానిస్టేబుల్ మొహంలోకి చూసి, తర్వాత ‘లేదు సార్’ అన్నాడు. కుడిచేతి వేళ్లు వాచిపోయి ఉన్నాయి, కాగితం మీద సంతకం పెట్టలేక వేలిముద్ర వేశాడు. పక్కన లాయర్ ఉండి ఉంటే ఆ చెయ్యి పైకెత్తి చూపించేవాడు. లేడు కాబట్టి ‘ఫిర్యాదు ఏమీ లేదు’ అని రికార్డులోకి ఎక్కింది. రాసింది నేనే. ఆ బాధ నన్ను ఇంకా వదల్లేదు.

విజయవాడ దగ్గర హాస్టల్‌లో 2007లో జరిగిన విద్యార్థిని హత్యను మన పాఠకులెవరూ మరిచిపోయి ఉండరు. 2008లో ఒక పేద యువకుణ్ని పట్టుకుని, కేసు ఛేదించామని పోలీసులు ప్రకటించారు. 2010లో శిక్ష పడింది. 2017 మార్చి 31న హైకోర్టు అతణ్ని నిర్దోషి అని వదిలేసింది. వీడు కాదు మొర్రో అని కూతుర్ని పోగొట్టుకున్న తల్లిదండ్రులే మొదటి నుంచీ మొత్తుకున్నారు. ఎనిమిదేళ్లకు పైగా అతని వయసంతా జైల్లో పోయింది. అసలు నేరస్తుడికి శిక్ష పడనే లేదు. అతని తరఫున కూడా ఎవరూ వాదించకూడదని ఆనాడు అనుకుని ఉంటే, ఇవాళ్టికీ మనం అతణ్నే హంతకుడు అనుకుంటూ ఉండేవాళ్లం.

మీ మీద కూడా నాకు కోపం ఉంది. అరెస్టయిన మర్నాడే ముసుగు వేసి ప్రెస్‌మీట్‌లో నిలబెడతారు, వెనకాల పోలీసు అధికారులు వరసగా నిలబడతారు. మీరు ఆ ఫొటో వేసి పైన ‘కిరాతకుడు’ అని పెద్ద అక్షరాలతో పెడతారు. రేపు కేసు కొట్టేస్తే లోపలి పేజీలో నాలుగు లైన్లు, అదీ చోటుంటేనే. 2022 లెక్కల ప్రకారం దేశంలోని ఖైదీల్లో నాలుగింట మూడు వంతుల మంది ఇంకా విచారణ పూర్తికానివాళ్లే. బెయిల్ వచ్చినా ష్యూరిటీలు దొరక్క లోపలే ఉండిపోయేవాళ్లు ఎందరో. వాళ్ల గురించి ఒక్కరోజు మొదటి పేజీలో రాయండి. ఉచిత న్యాయసహాయం అందించే న్యాయసేవల సంస్థ హెల్ప్‌లైన్ 15100 అని ఎంతమందికి తెలుసు? పోలీస్ స్టేషన్ గోడ మీద పెద్దగా రాసి ఉండాల్సిన నంబరది.

పౌరహక్కుల లాయర్ కన్నబిరాన్ గారు, నక్సలైట్ల మీద పెట్టిన పార్వతీపురం కుట్ర కేసులో ముద్దాయిల తరఫున నిలబడ్డ నేల ఇది. ప్రభుత్వం మొత్తం అవతలి పక్షాన ఉన్నా ఆయన వెనక్కి తగ్గలేదు. ఆ పేరు చెప్పుకుని గర్వపడే బార్ రూముల్లోనే ఇప్పుడు ఇలాంటి తీర్మానాలా?

బార్ పెద్దలను నేను కోరేది ఒక్కటే. వచ్చే వాయిదాలోపు ఆ తీర్మానం వెనక్కి తీసుకోండి. అసోసియేషన్ అడ్డు పడకపోతే వకాలత్తు వేయడానికి సిద్ధంగా ఉన్న జూనియర్లు ఇద్దరు ముగ్గురు ఉన్నారని నాకు తెలుసు. వాళ్లను వేయనివ్వండి. సంపాదకుడు గారూ, ఆ రోజు ఆ వార్తను కూడా అదే పేజీలో వేయండి.

– ఒక విశ్రాంత కోర్టు ఉద్యోగి