వక్తృత్వ పోటీల్లో ఆధారానికీ మార్కులు వేయించండి: విద్యాశాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన తెలంగాణ రాష్ట్ర విద్యాశాఖ మంత్రి గారికి,

నమస్కారం. నేను హైదరాబాద్‌లో ఒక ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో భౌతికశాస్త్రం చెప్పే స్కూల్ అసిస్టెంట్‌ని. పోయిన ఏడాది కొన్ని బడుల మధ్య జరిగిన వక్తృత్వ పోటీకి నన్ను న్యాయనిర్ణేతగా పిలిచారు. అంశం "భూతాపం నిజమా, ప్రచారమా?" ఆ రోజు నేను వేసిన మార్కులు తప్పు. ఆ తప్పు ఎలా జరిగిందో మీకు చెప్పుకోవాలనే ఈ ఉత్తరం.

మొదటి బహుమతి ఒక పదో తరగతి అబ్బాయికి వచ్చింది. మంచి గొంతు, ఎక్కడా తడబాటు లేదు. "ముప్పై ఒక్క వేల మంది శాస్త్రవేత్తలు భూతాపం అబద్ధమని సంతకాలు పెట్టారు. వాళ్లకు తెలియనిది మనకు తెలుసా?" అని అడిగేసరికి హాలంతా చప్పట్లు. రెండో బహుమతి అవతలి పక్షాన మాట్లాడిన అబ్బాయికి. "2035 కల్లా హిమాలయాల్లో మంచు మిగలదు" అన్నాడు. దానికీ చప్పట్లే. ఎనిమిదో తరగతి అమ్మాయి ఒకతె మాత్రం మధ్యలో ఆగిపోయి, కాగితం చూసి చదివింది. హవాయి దీవుల్లో మౌనా లోవా కొండ మీద 1958 నుంచి గాలిలోని కార్బన్ డై ఆక్సైడ్‌ను కొలుస్తున్నారనీ, అప్పుడు పది లక్షల పాళ్లలో 315 పాళ్లుండేదనీ, ఇప్పుడు 420 దాటిందనీ, ఆ పట్టికను ఎవరైనా తెరిచి చూసుకోవచ్చనీ చెప్పింది. చప్పట్లు పల్చగా పడ్డాయి. ఆమెకు దక్కింది పాల్గొన్నవాళ్లందరికీ ఇచ్చే ప్రశంసాపత్రం.

మా చేతికిచ్చిన మార్కుల కాగితంలో ఉచ్చారణ, హావభావాలు, సమయపాలన, విషయ పరిజ్ఞానం అని గడులున్నాయి. ఆ చివరి గడిలో ఏం చూసి మార్కులు వేయాలో మాలో ఎవరికీ స్పష్టత లేదు. ఎక్కువ అంకెలు చెప్పినవాడికి ఎక్కువ వేశాం. నేనూ వేశాను. పోటీ అయ్యాక గెలిచిన అబ్బాయిని పిలిచి "ఆ ముప్పై ఒక్క వేల సంగతి ఎక్కడిది నాన్నా?" అని అడిగాను. "యూట్యూబ్‌లో సార్, లక్షల మంది చూశారు" అన్నాడు. వాడు అబద్ధమాడలేదు. ఎంతమంది చూశారన్నదే నమ్మకానికి కొలత అనుకున్నాడు. వేరే కొలత ఒకటుందని బళ్లో మేం చెప్పలేదు.

ఆ రాత్రి కూర్చుని వెతికాను. అది అమెరికాలో 1998లో మొదలైన సంతకాల సేకరణ, ఒరెగాన్ పిటిషన్ అంటారు. దానితో పాటు పంపిన వ్యాసాన్ని అక్కడి జాతీయ విజ్ఞాన అకాడమీ పత్రికలో అచ్చయినదేమో అనిపించేలా ముద్రించారు. పైన ఆ అకాడమీ మాజీ అధ్యక్షుడి ఉత్తరం. మాకూ దీనికీ ఏ సంబంధం లేదని అకాడమీ అదే ఏడాది ఏప్రిల్‌లో ప్రకటించాల్సి వచ్చింది. సంతకం పెట్టడానికి సైన్సులో ఏదో ఒక డిగ్రీ ఉంటే చాలు. ఇంజినీర్లే పది వేల పైచిలుకు. నిర్వాహకుల సొంత లెక్కలోనే శీతోష్ణస్థితి శాస్త్రం తమ రంగమని చూపినవాళ్లు 39 మంది. గుండె నొప్పి వస్తే ముప్పై వేల మంది సివిల్ ఇంజినీర్ల సంతకాలు చూసి మందు మింగం కదా! ఈ ఒక్క మాట ఆ హాల్లో ఎవరైనా అడిగుంటే పోటీ ఫలితం మారేది.

2035 సంగతి నన్ను ఇంకా కలవరపెట్టింది, ఎందుకంటే ఆ అబ్బాయి నా పక్షం. ఆ అంకె నిజంగానే పెద్ద చోటు నుంచి వచ్చింది. ఐక్యరాజ్యసమితి ఆధ్వర్యంలో శీతోష్ణస్థితి మార్పు మీది పరిశోధనలను మదింపు చేసే ఐపీసీసీ 2007 నివేదికలో, ఆసియా అధ్యాయంలో ఉంది. దాని వేళ్లు పట్టుకుని వెళితే, ఒక పర్యావరణ సంస్థ నివేదిక తగిలింది. అక్కడి నుంచి ఇంకా వెనక్కి వెళితే, మన దేశపు హిమనదాల నిపుణుడు ఒకరు 1999లో ఒక సైన్సు పత్రికతో అన్న మాటలు. తోటి శాస్త్రవేత్తల పరిశీలనకు నిలిచిన పరిశోధన ఎక్కడా లేదు. తప్పును పట్టుకుని నిలదీసినవాళ్లలో హిమనదాల మీద పనిచేసే శాస్త్రవేత్తలే ముందున్నారు. 2010 జనవరిలో ఐపీసీసీ ఆ పేరా సరైన ఆధారం లేనిదని బహిరంగంగా ఒప్పుకుని విచారం తెలిపింది. హిమాలయాల్లో మంచు కరగడం నిజం, ఆ గడువు నిజం కాదు. పిల్లలకు నేను చెప్పాలనుకున్నది ఈ రెండు కథల మధ్య తేడా. పెద్ద సంస్థ కూడా తప్పు రాయవచ్చు. కానీ అక్కడ తప్పు బయటపడితే దిద్దుతారు, దిద్దామని చెబుతారు. ఆ సంతకాల జాబితా మాత్రం పాతికేళ్లు దాటినా అదే ధీమాతో తిరుగుతోంది, తిరిగి తిరిగి మా హాల్లోకి వచ్చింది.

ఇది మన ఒక్కరి బాధ కాదు. అమెరికాలో 1,500 మంది సైన్సు టీచర్లను అడిగి 2016లో ప్రచురించిన అధ్యయనంలో, దాదాపు 30 శాతం మంది ఈ వేడికి ప్రకృతి కారణాలే కావచ్చని తరగతిలో చెబుతున్నట్టు తేలింది. ఆ మరుసటి ఏడాదే హార్ట్‌ల్యాండ్ ఇన్‌స్టిట్యూట్ అనే సంస్థ భూతాపాన్ని శంకించే పుస్తకాలను వేల సంఖ్యలో టీచర్లకు పోస్టులో పంపింది. మనకు పోస్టు ఖర్చు కూడా లేదు, స్టాఫ్‌రూమ్ వాట్సాప్ గ్రూపుంది.

అయ్యా, అంశం పెట్టడంలోనే తప్పుంది. కార్బన్ డై ఆక్సైడ్ వేడిని పట్టి ఉంచుతుందని 1856లో యూనిస్ ఫుట్, 1859లో జాన్ టిండాల్ ప్రయోగాలు చేసి చూపారు. అది రెట్టింపైతే భూమి ఎంత వేడెక్కుతుందో 1896లోనే అరీనియస్ లెక్క కట్టాడు. ఇది విదేశీ గోల అనేవాళ్లకు మన కేంద్ర భూవిజ్ఞాన మంత్రిత్వ శాఖ 2020లో వేసిన అంచనా ఉంది: 1901 నుంచి 2018 మధ్య మన దేశపు సగటు ఉష్ణోగ్రత దాదాపు 0.7 డిగ్రీలు పెరిగింది. దీన్ని "నిజమా, ప్రచారమా" అని పిల్లల ముందు తక్కెడలో పెడితే, రెండు వైపులా సమాన బరువుందని మనమే చెప్పినట్టు. వాదించుకోవడానికి మన ఊళ్లో అసలైన విషయాలు బోలెడు. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ చుట్టూ 84 గ్రామాల్లో కట్టడాలను నియంత్రించిన 1996 నాటి 111 జీవో ఉండాలా వద్దా? సింగరేణి బొగ్గు మీద బతికే కుటుంబాలకు రేపు ఏ దారి చూపాలి? వీటిలో ఇరుపక్షాలకూ న్యాయమైన మాటలున్నాయి. పిల్లలు కొట్లాడనివ్వండి.

ఇంకొక చిక్కు మన భాషలోనే ఉంది. ఇవాళ మబ్బు పట్టినా వాతావరణమే, ముప్పై ఏళ్ల సగటూ వాతావరణమే, ఇంట్లో గొడవైతే "ఇంట్లో వాతావరణం బాలేదు" అనీ అంటాం. పాఠ్యపుస్తకంలో శీతోష్ణస్థితి అనే మాట ఉంది కానీ టీవీలో, పేపర్లో వాతావరణ మార్పు అనే వస్తుంది. అందుకే పటాన్‌చెరులో జనం చలికి వణికే డిసెంబరులో "సార్, మరి భూతాపం ఏదీ?" అని పిల్లలు అడుగుతారు. ఆ ప్రశ్న తెలివితక్కువది కాదు. ఒకే మాటను రెండు పనులకు వాడుతున్నది మనమే. ఈ తేడా విప్పి చెప్పే నాలుగు పేజీలు రాష్ట్ర విద్యా పరిశోధన శిక్షణ సంస్థ తెలుగులో రాయిస్తే మాకు ఎంతో మేలు. ఐపీసీసీ నివేదికలు వెలువడే ఆరు ఐక్యరాజ్యసమితి భాషల్లో తెలుగు లేదు. ఆ ఖాళీలోకి వీడియోలు వచ్చి కూర్చుంటున్నాయి.

రాయించడానికి దూరం వెళ్లనక్కర్లేదు. బేగంపేటలో వాతావరణ కేంద్రం, హబ్సిగూడలో భూమి లోపలి సంగతులు పరిశోధించే ఎన్‌జీఆర్‌ఐ, బాలానగర్‌లో ఉపగ్రహాల ద్వారా భూమిని గమనించే ఎన్‌ఆర్‌ఎస్‌సీ, ప్రగతినగర్‌లో సముద్రాన్ని కనిపెట్టుకుని ఉండే ఇన్‌కాయిస్, సంతోష్‌నగర్‌లో మెట్ట పంటల మీద పనిచేసే క్రీడా, పటాన్‌చెరులో ఇక్రిశాట్. ఇన్ని ఉన్న ఊరు దేశంలో ఎన్నుంటాయి? మా పిల్లలు వాటి గేట్ల ముందు నుంచే బస్సులో బడికొస్తారు, లోపల ఏం కొలుస్తారో ఎరగరు. ఏడాదికొకసారైనా ఒక శాస్త్రవేత్త బడికొచ్చి "ఈ అంకె మాకు ఇలా తెలిసింది" అని చూపిస్తే, ఆ పిల్లలు ఇంకెప్పుడూ వ్యూస్ లెక్కపెట్టరు.

నేనింత పట్టుబట్టడానికి ఇంకో కారణం ఉంది. 2020 అక్టోబరు వరదల్లో సరూర్‌నగర్ వైపు మా వీధిలో నడుము లోతు నీళ్లు. కరెంటు లేదు. ఫోన్లో ఒకరు చెరువు తెగిందంటారు, ఇంకొకరు తెగలేదంటారు. మేడ మీద మా అమ్మను పెట్టుకుని, ఎవరి మాట నమ్మి ఎటు కదలాలో తెలియక ఆ రాత్రి గడిపాను. తెల్లారాక మళ్లీ రెండు పాటలు: "అంతా వాతావరణ మార్పే" అని కొందరు, "అంతా నాలాల కబ్జాలే" అని కొందరు. వాన ఎంత పడిందో వానమాపకాలు చెబుతాయి, నాలా ఎంత కుంచించుకుపోయిందో పాత సర్వే పటాలు చెబుతాయి. రెండూ తెరిచి చూడాలన్న ఆలోచన మా కాలనీలో చదువుకున్నవాళ్లకే రాలేదు, నాకూ రాలేదు.

నేను కోరేది పెద్ద ఖర్చుతో కూడినది కాదు. జిల్లా, రాష్ట్ర స్థాయి పోటీల మార్కుల కాగితంలో "ఆధారం" అని ఒక గడి పెట్టించండి. ఇరవైకి పది దానికే ఇవ్వండి. ఎవరు చెప్పారు, వాళ్ల రంగం ఏమిటి, ఎలా కొలిచారు, దానివల్ల వాళ్లకు లాభం ఉందా, తప్పని తేలితే దిద్దారా అని న్యాయనిర్ణేత అడగాలి. జవాబు "తెలియదు సార్" అయినా పరవాలేదు, అలా నిజం ఒప్పుకున్నందుకు ఒక మార్కు వేయొచ్చు. న్యాయనిర్ణేతలకు ముందురోజు ఒక పూట శిక్షణ ఇస్తే చాలు. మొదటి బ్యాచ్‌లో నేను కూర్చుంటాను.

ఆ అమ్మాయి ఇప్పుడు తొమ్మిదో తరగతి. ఈ ఏడాది పోటీకీ పేరిచ్చిందని వాళ్ల టీచరు చెప్పారు. పోటీ ఫిబ్రవరిలో. మార్కుల కాగితం ఈలోగా మారుతుందని ఆశిస్తున్నాను.

ఇట్లు,
ఒక ప్రభుత్వ ఉన్నత పాఠశాల భౌతికశాస్త్ర ఉపాధ్యాయుడు,
హైదరాబాద్