చుక్క వెనక ఫైలు: రెవెన్యూ శాఖ మంత్రిగారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఆంధ్రప్రదేశ్ రెవెన్యూ శాఖ మంత్రిగారికి నమస్కారం.

వీలు చూసుకుని ఏదైనా పాత గ్రామం ఆర్‌ఎస్‌ఆర్ (రీ-సెటిల్‌మెంటు రిజిస్టరు, సర్వే నంబర్ల వారీ పాత భూమి లెక్క) ఒక పేజీ తెరిపించి చూడండి. సర్వే నంబరు, పాత నంబరు, సర్కారు భూమా ఇనామా, మెట్టా పల్లమా, విస్తీర్ణం, శిస్తు, అన్ని గడులూ నిండి ఉంటాయి. పట్టాదారు పేరు రాయాల్సిన చోట మాత్రం కొన్ని నంబర్లకు వరసగా చుక్కలు కనిపిస్తాయి. సెటిల్‌మెంటు గుమాస్తా ఎప్పుడో పెట్టిన ఆ చుక్కల పుణ్యమా అని భూములు 22-ఏ జాబితాకు, అంటే రిజిస్ట్రేషన్ నిషేధించిన భూముల జాబితాకు ఎక్కాయి. రిజిస్ట్రేషన్లు ఆగాయి. చివరికి 2017లో చుక్కల భూముల కోసమే ఒక చట్టం చెయ్యాల్సి వచ్చింది. ఆ చట్టం పన్నెండేళ్లుగా భూమి ఎవరి అనుభవంలో ఉందని అడుగుతుంది గానీ, చుక్క ఎందుకు పడిందని అడగదు. అడిగినా జవాబు రిజిస్టరులో దొరకదు. రిజిస్టరులో ఉండేది తేల్చిన మాట ఒక్కటే. ఎందుకలా తేల్చారన్నది ఫైల్లో ఉంటుంది.

ఆ ఫైళ్ల కోసమే ఈ లేఖ. మద్రాసు ప్రెసిడెన్సీలో, ముఖ్యంగా 1900 నుంచి 1930ల దాకా, రోజువారీ పాలనలో తగిలిన చిక్కులకు సర్కారు న్యాయాధికారులు ఇచ్చిన సలహాలను, వాటిపై వెలువడిన ఉత్తర్వులను జనానికి అందుబాటులోకి తెమ్మని కోరుతున్నాం.

అవేమీ ఘనమైన రాజ్యాంగ ప్రశ్నలు కావు. పుంతలో పాక వేసినవాడికి జరిమానా వెయ్యాలా, ఖాళీ చేయించాలా? చెరువులో నీళ్లు తగ్గాక గర్భంలో జొన్న చల్లితే ఆ పంట ఎవరిది? కరణం చనిపోయాడు, కొడుకు మైనరు, మిరాశీ (వంశపారంపర్య ఉద్యోగ హక్కు) ఎవరికి? ఈ చివరి దానికి 1895 నాటి వంశపారంపర్య గ్రామోద్యోగాల చట్టంలో జవాబుంది: మైనరును వారసుడిగా నమోదు చేసి, వాడు పెద్దవాడయ్యేదాకా అర్హుడైన మరొకరిని పనిలో పెట్టాలి. ఆ చట్టం ఎంత మొండిగా బతికిందంటే, తెనాలి తాలూకాలో ఊరు రెండుగా చీలి పెరవలిపాలెం ఏర్పడినప్పుడు కూడా మునసబు ఉద్యోగం పాత మునసబు కుటుంబానికే వెళ్లింది. ఇంకొకాయన సుప్రీంకోర్టు దాకా వెళ్లి, పుట్టుకను బట్టి ఉద్యోగమిచ్చే ఆ సెక్షను రాజ్యాంగానికి విరుద్ధమని 1960లో అనిపించుకున్నాడు. కరణాలు, మునసబులు పోయింది మాత్రం 1984లో.

ప్రశ్న నడిచే దారి ఇది. కరణం లెక్క రెవెన్యూ ఇన్‌స్పెక్టరుకు, అక్కణ్ణుంచి తాసీల్దారుకు, డివిజను అధికారికి, కలెక్టరుకు. కలెక్టరుకు సందేహం వస్తే జిల్లా గవర్నమెంటు ప్లీడరును అడిగేవారు. విషయం ఒక్క జిల్లాతో పోయేది కాకపోతే రెవెన్యూ పాలనలో కలెక్టర్లందరికీ పైనుండే బోర్డు ఆఫ్ రెవెన్యూకు రాసేవారు. బోర్డుకూ తెగకపోతే సర్కారుకు, సర్కారు నుంచి అడ్వకేట్ జనరల్‌కు. 1929 నుంచి 1944 దాకా ఆ కుర్చీలో ఉన్నది నెల్లూరు జిల్లా పుదూరులో పుట్టిన అల్లాది కృష్ణస్వామి అయ్యరుగారే. వచ్చిన జవాబు బోర్డు ప్రొసీడింగ్స్‌గానో జీవోగానో కిందికి దిగేది. అందరికీ వర్తించేదైతే బోర్డు స్టాండింగ్ ఆర్డర్లలో, అంటే రెవెన్యూ ఆఫీసులు పాటించే నియమావళిలో సవరణ అయ్యేది. చిన్న అచ్చు చీటీ వస్తుంది, గుమాస్తా దాన్ని పాత పేరా మీద అంటిస్తాడు. అంతటితో నియమం మారింది. ఎందుకు మారిందో చీటీలో ఉండదు.

1786లో పుట్టిన ఆ బోర్డును మన రాష్ట్రంలో 1977లో ఎత్తేశారు. దాని ఆర్డర్లు మాత్రం బతికే ఉన్నాయి. సాగుకు భూమి ఇవ్వాలంటే 15, ఇంటి స్థలానికి 21, ఆక్రమణకు 26, పట్టా పేరు మార్పుకు 31 అని ఇప్పటికీ తాసీల్దారు ఆఫీసుల్లో నంబర్లతోనే మాట్లాడుకుంటారు. కారణం తెలియకుండా నియమం ఒక్కటే పట్టుకుంటే ఏమవుతుందో ఆక్రమణల దగ్గర స్పష్టంగా కనిపిస్తుంది.

1905 నాటి భూ ఆక్రమణల చట్టం ఇప్పటికీ అమల్లో ఉంది. అందులో 3వ సెక్షను కింద శిస్తు, 5వ సెక్షను కింద జరిమానా, 6వ సెక్షను కింద ఖాళీ చేయించడం, వీటికి ముందు 7వ సెక్షను కింద సంజాయిషీ నోటీసు. 7వ సెక్షను నోటీసు "నీ మీద చర్య ఎందుకు తీసుకోకూడదో చెప్పు" అంటుంది. 6వ సెక్షను నోటీసు "ఇన్ని రోజుల్లో ఖాళీ చెయ్యి" అంటుంది. ఈ రెండూ కలిపి ఒకే కాగితం మీద ఇచ్చేస్తే, జవాబు వినకముందే నిర్ణయం అయిపోయిందని ఆ కాగితమే సాక్ష్యం చెబుతుంది. సబ్‌డివిజన్ నంబరు రాయకుండా మొత్తం సర్వే నంబరుకు నోటీసివ్వడం ఇంకో జబ్బు. పన్నెండెకరాల నంబరులో ఇరవై సెంట్ల గొడవకు పక్క పట్టాదారులంతా నోటీసు పట్టుకుని ఆఫీసు చుట్టూ తిరుగుతారు.

శివాయి జమ, అంటే సర్కారు భూమిని అనుమతి లేకుండా సాగుచేసేవాళ్ల దగ్గర వసూలు చేసే శిస్తు, దాని రసీదుల విషయంలోనూ ఇదే అయోమయం. ఆ శిస్తు కట్టినంత మాత్రాన భూమి మీద హక్కు రాదు, రైతు ఎన్ని రసీదులు చూపించినా సరే. అలాగని అవి చిత్తుకాగితాలూ కావు. ఏ ఏడాది ఎవరు సాగులో ఉన్నారో సర్కారు స్వయంగా రాసిచ్చిన రుజువులవి. సర్కారు తన భూమి కోసం దావా వేసుకోవడానికి 1908 లిమిటేషన్ చట్టం 60 ఏళ్లు గడువిచ్చింది, 1963 చట్టం దాన్ని 30కి దించింది. ఈ లెక్కలో ఒక్కో రసీదూ విలువైనదే.

అసలు సిసలు చిక్కు హక్కు మీద నిజమైన తగాదా ఉన్నప్పుడు వస్తుంది. తాసీల్దారు తానే వాది, తానే జడ్జి అయి 6వ సెక్షను వాడొచ్చా? ఉస్మానియా విశ్వవిద్యాలయం భూముల కేసులో, తుమ్మల కృష్ణారావు తీర్పుగా అందరికీ తెలిసిన 1982 తీర్పులో, వీల్లేదని సుప్రీంకోర్టు చెప్పింది. అలాంటి తగాదా సివిల్ కోర్టులో తేలాలి. ఆ తీర్పు వచ్చి నలభై ఏళ్లు దాటినా అచ్చు ఫారాలు నింపడం ఆగలేదు.

పాత సలహాలన్నీ వేదవాక్కులని మేము అనడం లేదు. సర్కారు పక్షం ఘోరంగా తప్పిన సందర్భమూ మన గడ్డ మీదే ఉంది. వంశధార నీళ్లు వాడుకునే ఉర్లాం జమీందారీ మీద 1865 చట్టం కింద నీటి తీరువా వేశారు. శాశ్వత సెటిల్‌మెంటు నాటికి పల్లంగా ఉన్న విస్తీర్ణానికే ఉచితం, ఎక్కువ తడిపితే డబ్బు కట్టాలన్నది సర్కారు వాదన. 1917లో ప్రీవీ కౌన్సిల్ (లండనులో ఉన్న అప్పటి ఆఖరి అప్పీలు కోర్టు) దాన్ని కొట్టేసింది. జమీందారు హక్కుకు కొలత తూములు, కాలువల ప్రమాణం. ఎన్ని ఎకరాలు తడిశాయన్నది కాదు. ఎకరం పట్టుకున్నవాళ్లు తూమును మరిచిపోయారన్నమాట. ఇలాంటి పొరపాటుకు దారితీసిన ఫైలు చదివితే ఈనాటి ఇంజనీరుకూ, తాసీల్దారుకూ ఎంత పనికొస్తుందో వేరే చెప్పాలా?

నోటీసుల సంగతీ ఒకటుంది. సర్కారు మీద దావా వెయ్యాలంటే 1908 సివిల్ ప్రొసీజర్ కోడ్ 80వ సెక్షను ప్రకారం రెండు నెలల ముందు నోటీసివ్వాలి. ఆ రెండు నెలలూ కలెక్టరు ప్లీడరును అడిగి, న్యాయముంటే కోర్టుకు పోకుండా తేల్చుకోవడానికి. నోటీసు లేకపోతే దావా చెల్లదని 1927లో ప్రీవీ కౌన్సిల్ కఠినంగా చెప్పింది. సర్కారు ఆ కత్తి అందుకుంది గానీ జవాబివ్వడం మానేసింది. చాలా నోటీసులకు జవాబే ఉండదని 2005లో సుప్రీంకోర్టు తప్పుపట్టి, జవాబు బాధ్యత ఒక అధికారికి అప్పగించమంది.

ఇక ఈ ఫైళ్లు వెతకడం గురించి. కలెక్టరేట్లలో ఫైలు మూసేటప్పుడే దాని ఆయుష్షు రాసేస్తారు. ఆర్.డిస్ అంటే శాశ్వతం, డి.డిస్ అంటే పదేళ్లు, ఎల్.డిస్ అంటే ఏడాది. ప్లీడరు సలహా విలువైనదే అయినా, అది ఉన్న ఫైలును డి.డిస్‌గా మూస్తే పదేళ్లకు చెదలతో పని లేకుండానే మాయమవుతుంది. అదృష్టమేమిటంటే బోర్డుకూ సర్కారుకూ వెళ్లిన ప్రతులు చెన్నై ఎగ్మోరులోని తమిళనాడు ఆర్కైవ్స్‌లో ఉన్నాయి. అక్కడ వెతకాలంటే శాఖ పేరు, నంబరు, తేదీ మూడూ కావాలి. ఊరి పేరు చెబితే లాభం లేదు. ఆర్‌ఎస్‌ఆర్ రిమార్కుల గడిలో ఒక్కోసారి కనిపించే జీవో నంబరు అందుకే బంగారం. ఇంగ్లీషు సంవత్సరం బదులు ఫసలీ (రెవెన్యూ లెక్కల సంవత్సరం) ఇచ్చి ఉంటే 590 కలపండి, జూలై 1 నుంచి లెక్కపెట్టండి. 1330 ఫసలీ అంటే 1920 జూలై నుంచి 1921 జూన్ దాకా. తెలంగాణ రికార్డులకు ఈ జూలై లెక్క సరిపోదు. నైజాం ఫసలీ సంవత్సరాది వేరు, అక్కడి సేత్వార్, ఖాస్రా పహాణీ అనే భూమి రికార్డుల కథే వేరు.

మా కోరికలు పెద్దవి కావు. ఆంధ్ర జిల్లాలకు సంబంధించిన బోర్డు ప్రొసీడింగ్స్, రెవెన్యూ జీవోలు స్కాన్ చేయడానికి తమిళనాడు ప్రభుత్వంతో ఒప్పందం చేసుకోండి. ముందు సూచికలు పెట్టండి, ఫైళ్లు తర్వాత రావచ్చు. సూచిక ఉంటే రైతు కనీసం సరైన నంబరుతో దరఖాస్తు పెట్టుకుంటాడు. రీసర్వేలో కొత్త ల్యాండ్ పార్శిల్ నంబరు ఇస్తున్నప్పుడే పాత రిమార్కును, అందులోని జీవో నంబరును తీసేయకుండా పక్క గడిలో ఎక్కించండి. రోవరు (రీసర్వేలో వాడే ఉపగ్రహ కొలత పరికరం) హద్దును సెంటీమీటర్లలో చూపిస్తుంది గానీ, ఆ భూమి పోరంబోకు ఎందుకయిందో చెప్పలేదు.

అన్నిటికంటే ముందు చెయ్యాల్సింది మరొకటుంది. 2022లో జిల్లాలు 26 అయ్యాక రికార్డు గదుల్లోని కట్టలను పంచుకునే పని వచ్చింది. ఒకే కట్టలో ఇప్పటి రెండు మూడు జిల్లాల గ్రామాల ఫైళ్లు కలిసి ఉంటాయి. కట్ట విప్పి ఫైళ్లు విడదీస్తే పాత రిజిస్టరులో రాసిన కట్ట నంబరుకు ఇక అర్థముండదు. అందుకని 1947కు ముందు కట్టలను విప్పకుండా పాత జిల్లా కేంద్రంలోనే ఉంచి, కొత్త జిల్లాలకు నకళ్లు మాత్రం పంపమని, జాబితా పూర్తయ్యేదాకా డి.డిస్ ఫైళ్ల ధ్వంసం ఆపమని ఒక మెమో ఇప్పించండి. ఒక్క పేజీ చాలు.

ఇట్లు,
పాత రెవెన్యూ రికార్డులతో పని చేసే కొందరం