హంతకుడి నిర్వచనం ఇంకా 1941 నాటిదే: జర్మనీ న్యాయశాఖ మంత్రికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన జర్మనీ ఫెడరల్ న్యాయశాఖ మంత్రి గారికి,

నమస్కారం. నేను ఫ్రాంక్‌ఫర్ట్‌లో గాలుస్ అనే పేటలో ఉంటాను. పుట్టింది గుంటూరు జిల్లాలో, ఉద్యోగం సాఫ్ట్‌వేర్‌లో. నిరుడు జర్మన్ పౌరసత్వం తీసుకున్నాను. 33 ప్రశ్నల పరీక్ష రాశాను. 17 వస్తే చాలు, నాకు 31 వచ్చాయి. ఆ రెండూ ఎలా పోయాయని మా ఆవిడ ఇప్పటికీ అడుగుతుంది. 2024 జూన్‌లో మారిన చట్టం ప్రకారం ఇంకో కాగితం మీద కూడా సంతకం పెట్టాను. నాజీ పాలన చేసిన దుర్మార్గానికి, దాని పర్యవసానాలకు జర్మనీ వహిస్తున్న ప్రత్యేక చారిత్రక బాధ్యతను నేనూ ఒప్పుకుంటున్నానని అందులో ఉంది. ఆ రోజుల్లో మా తాత పొగాకు నారు పోసుకుంటున్నాడు. అయినా సంతకం మనస్ఫూర్తిగానే పెట్టాను. ఇంట్లో వాటా తీసుకున్నాక ఆ ఇంటి అప్పుతో నాకేం పని అంటే కుదరదు కదా.

పెట్టాక మాత్రం ఒక సందేహం పట్టుకుంది. నాచేత ఒప్పించిన ఈ బాధ్యతలో మీ శాఖ వాటా తీరిందా?

ఈ ఉత్తరం జర్మన్‌లోనూ పంపుతున్నాను. తెలుగులో రాయడానికి కారణం, ఇక్కడికి చదువులకు వస్తున్న మా పిల్లలు. నాజీలందరికీ న్యూరెంబర్గ్‌లో శిక్ష పడిపోయిందనీ, అంతటితో కథ ముగిసిందనీ వాళ్లు అనుకుంటుంటారు. నేనూ అలాగే అనుకున్నాను.

మా ఇంటి నుంచి నడిచి వెళ్లేంత దూరంలో సాల్‌బౌ గాలుస్ అనే హాలు ఉంది. 1963 డిసెంబర్‌లో మొదలైన ఆష్విట్జ్ (నాజీల మృత్యు శిబిరం) కేసును 1964 ఏప్రిల్ నుంచి ఆ హాల్లోనే నడిపారు. నడిపించినవాడు హెస్సె రాష్ట్ర అటార్నీ జనరల్ ఫ్రిట్జ్ బావర్. యూదుడు. 1933లో జైలుపాలై, తర్వాత డెన్మార్క్, స్వీడన్‌లలో తలదాచుకుని తిరిగొచ్చిన మనిషి. ఆయన వాదన సూటిగా ఉంటుంది. ఆష్విట్జ్ మొత్తం మనుషుల్ని చంపే యంత్రం, తెలిసి అందులో పనిచేసిన ప్రతివాడికీ ఆ హత్యల్లో భాగం ఉంది. కోర్టు ఒప్పుకోలేదు. ఎవడు ఏ రోజు ఎవర్ని చంపాడో విడివిడిగా రుజువు చేయమంది. 1965 ఆగస్టులో 20 మంది ముద్దాయిల మీద తీర్పు వస్తే, యావజ్జీవం పడింది ఆరుగురికి. ముగ్గురు ఇంటికెళ్లిపోయారు. క్యాంపు కమాండెంట్‌కు కుడిభుజంగా పనిచేసిన ముల్కాను కూడా వట్టి సహాయకుడిగానే లెక్కగట్టి 14 ఏళ్లు వేశారు. ఈ 'సహాయకుడు' అన్న మాటను దయచేసి గుర్తుపెట్టుకోండి. అప్పటి జర్మన్ కోర్టుల దృష్టిలో అసలు హంతకులు హిట్లర్, హిమ్లర్, హైడ్రిష్ లాంటి నాజీ పెద్దలే. మిగతా వాళ్లలో చాలామంది సహాయకులే.

ఇప్పుడు మీ శాఖ సంగతికి వస్తాను. 2012లో మీ శాఖే వేసిన చరిత్రకారుల కమిషన్ 2016లో నివేదిక ఇచ్చింది. బాన్‌లో శాఖ అప్పట్లో ఉన్న రోజెన్‌బుర్గ్ భవనం పేరే దానికి పెట్టారు. 1949 నుంచి 1973 దాకా శాఖలో పెద్ద పదవుల్లో ఉన్న 170 మంది న్యాయవాదుల్లో 90 మంది నాజీ పార్టీ సభ్యులు. 34 మంది ఆ పార్టీ దాడి దళమైన ఎస్.ఏ.లో ఉన్నవాళ్లు. మీ ఇంటి గుట్టు మీరే బయటపెట్టారు, అందుకు నమస్కారం. ఏ దేశంలోనైనా ప్రభుత్వ శాఖలు ఇలాంటివి దాచిపెడతాయే గానీ అచ్చువేసి పంచవు.

ఆ నివేదికలో నాకు నిద్ర పట్టనివ్వని పేరు ఎడ్వార్డ్ డ్రేయర్. యుద్ధకాలంలో ఇన్స్‌బ్రుక్ ప్రత్యేక కోర్టులో ప్రాసిక్యూటర్. చిన్నాచితకా దొంగతనాలకు కూడా మరణశిక్ష వేయమని అడిగినవాడు. యుద్ధం అయ్యాక అదే మనిషి మీ శాఖ క్రిమినల్ లా విభాగంలో పెద్ద అధికారి అయ్యాడు.

1968లో ఆ విభాగం నుంచి ఒక చట్టం వచ్చింది. 'క్రమోల్లంఘనల చట్టానికి ప్రవేశ చట్టం'. పేరు వింటేనే ఆవులింత వస్తుంది. ట్రాఫిక్ తప్పుల లాంటి చిల్లర కేసుల్ని క్రిమినల్ కోర్టుల నుంచి తప్పించే పెద్ద సవరణలో అదొక ముక్క. పార్లమెంటులో ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. అందులో ఒక మూల చిన్న సవరణ ఉంది. నేరానికి కారణమైన వ్యక్తిగత లక్షణం (ద్వేషం లాంటిది) సహాయకుడిలో లేకపోతే వాడికి శిక్ష తగ్గించి తీరాలి. అంతే. చదివితే న్యాయంగానే కనిపిస్తుంది.

దాని ఫలితం చాప కింద నీరులా వచ్చింది. శిక్ష తగ్గితే కేసు పెట్టే గడువు కూడా తగ్గుతుంది. 15 ఏళ్లు. యుద్ధం ముగిసిన 1945 మే 8 నుంచి లెక్కేస్తే 1960 మే 8తో సరి. అంటే చట్టం అమల్లోకి వచ్చిన 1968 అక్టోబర్ 1 నాటికే గడువు దాటి ఎనిమిదేళ్లు! క్రాకోలో యూదుల వ్యవహారాలు చూసే పోలీసు విభాగంలో పనిచేసిన ఒకడి కేసులో 1969 మే 20న సుప్రీం కోర్టు దీన్నే ఖాయం చేసింది. యూదుల మీద ద్వేషం వాడి సొంతమని రుజువు కాకపోతే, వాడు పై వాళ్ల ద్వేషానికి పనిచేసిన సహాయకుడు మాత్రమే, కేసుకు కాలం చెల్లింది. బెర్లిన్‌లో నాజీ భద్రతా ప్రధాన కార్యాలయం అధికారుల మీద కొన్నేళ్లుగా తయారవుతున్న అతిపెద్ద దర్యాప్తు దీంతో కుప్పకూలింది. బల్ల దగ్గర కూర్చుని రైళ్లకు, తుపాకులకు ఆర్డర్లు రాసినవాళ్లు రిటైరై పెన్షన్ తీసుకున్నారు. బావర్ 1968 జూలై 1నే చనిపోయాడు. ఆయన ఇది చూడలేదు.

డ్రేయర్ కావాలని చేశాడా, పొరపాటా? కాగితం మీద రుజువు దొరకలేదు. నా అభిప్రాయం అడిగితే, చట్టాల మీద వ్యాఖ్యాన గ్రంథాలు రాసిన పండితుడికి ఆ వాక్యం ఎటు పోతుందో తెలియదంటే నమ్మను. హత్యకు కాలపరిమితి ఉండకూడదని మీ పార్లమెంటు 1965లో, 1969లో, 1979లో మూడుసార్లు గంటల తరబడి వాదించుకుని గడువు పొడిగించింది, చివరికి ఎత్తేసింది. సింహద్వారం దగ్గర అంత కొట్లాట జరుగుతుంటే, వాళ్లు దొడ్డిదారిన వెళ్లిపోయారు.

ఆ దారి ఎలా దొరికింది? మీ శిక్షాస్మృతి 211వ సెక్షన్ వల్ల. ద్వేషం లాంటి వాటిని లెక్కలోకి తెచ్చే 'నీచమైన ఉద్దేశాలు' అన్న మాట ఉన్నది అక్కడే. దాన్ని రాసింది ఎప్పుడు? 1941 సెప్టెంబర్ 4న. వెనక ఉన్నది అప్పటి న్యాయశాఖ కార్యదర్శి రోలాండ్ ఫ్రైస్లర్. తర్వాత పీపుల్స్ కోర్టు అధ్యక్షుడై, బోనులో నిలబడినవాళ్ల మీద అరుస్తూ మరణశిక్షలు వేసినవాడు. ఆ సెక్షన్ హత్య అంటే ఏమిటో చెప్పదు, 'హంతకుడు' ఎలాంటివాడో చెబుతుంది. చంపడంలో ఆనందం పొందేవాడు, అత్యాశపరుడు, నీచమైన ఉద్దేశాలు ఉన్నవాడు. మనిషి పుట్టుకలోనే నేరస్థుడని నమ్మిన కాలపు వాసన అందులో ఇంకా ఉంది. మా దగ్గర సెక్షన్ 302 అంటే సినిమాలు చూసే పిల్లాడికి కూడా తెలుసు. 2024 జూలై నుంచి అది 103 అయింది. తెల్లవాడు రాసిన చట్టమే అయినా, అది ఉద్దేశం ఉందా, చస్తాడని తెలుసా అని చేసిన పనిని పట్టి చూస్తుంది. మనిషి జాతకం చూడదు.

అంటే నాజీ న్యాయశాఖ 1941లో రాసిన మాటే, 1969లో నాజీ అధికారులకు గొడుగైంది. ఆ మాట ఇవాళ్టికీ అమల్లో ఉంది.

గొడుగు కింద చోటు దొరకని వాళ్లూ ఉన్నారు. ష్టుట్‌హోఫ్ క్యాంపు కమాండెంట్ హోప్పెకు 1957లో తొమ్మిదేళ్లు వేశారు, అదీ పూర్తిగా అనుభవించకుండానే బయటికొచ్చి 1974లో చనిపోయాడు. అతని దగ్గర 18, 19 ఏళ్ల వయసులో టైపు కొట్టిన ఇర్మ్‌గార్డ్ ఫుర్ష్‌నర్ 1950లలో సాక్షిగా వచ్చి, ఉత్తరాలన్నీ తన బల్ల మీదుగానే వెళ్లేవని చెప్పి ఇంటికెళ్లింది. ఆమె మీద విచారణ మొదలయ్యే నాటికి 2021 సెప్టెంబర్. 96 ఏళ్లు. ఆ పొద్దున వృద్ధాశ్రమం నుంచి టాక్సీ ఎక్కి పారిపోతే కొన్ని గంటల్లో హాంబుర్గ్‌లో పట్టుకున్నారు. 10,505 హత్యల్లో సహాయానికి రెండేళ్ల సస్పెండెడ్ శిక్ష పడింది. 2024 ఆగస్టులో పై కోర్టు ఖాయం చేసింది. ముసలమ్మను ఎందుకు ఏడిపించారని మా ఆఫీసులో కొందరన్నారు. నేను అలా అనను. బావర్ వాదన 2011లో డెమ్యన్యుక్ అనే క్యాంపు కాపలాదారు కేసుతో గానీ ఇక్కడి కోర్టులకు ఎక్కలేదు. అదే 211లో ఉన్న క్రూరంగా, మోసంతో చంపడమన్న మాటలు మనిషి గురించి కాక పని గురించి చెబుతాయి, వాటికి ఆ 1968 సవరణ తగలదు కాబట్టి ఆమె మీద కేసు నిలిచింది. నా బాధంతా, టైపిస్టు దొరికి, డిక్టేషన్ ఇచ్చినవాళ్లు దొరకకపోవడమే.

ఇంకొక్క సంగతి. ఫ్రైస్లర్ 1945 ఫిబ్రవరిలో బాంబుదాడిలో చచ్చాడు. ఆయన భార్యకు వితంతు పెన్షన్ వచ్చేది. 1974లో దాన్ని పెంచారు. కారణం ఏం రాశారో తెలుసా? బతికుంటే ఆయన లాయరో, ఉన్నతాధికారో అయి బాగా సంపాదించేవాడట! సంగతి 1985లో బయటపడి గొడవైంది. కానీ ఆ క్లర్కు లెక్క తప్పు కాదు. ఆయన సహోద్యోగులు నిజంగానే అలా బతికారు.

2021లో చట్టం మార్చి లా విద్యార్థులకు నాజీ అన్యాయాన్ని పాఠంగా పెట్టారు, బాగుంది. 2014లో మీ ముందటి మంత్రి ఒకరు 211 మారుస్తానని నిపుణుల కమిటీ వేశారు, ముసాయిదా రాయించారు. అది చట్టం కాలేదు. యావజ్జీవ శిక్ష పలచబడుతుందని భయపడ్డారు. శిక్ష జోలికి పోకండి. ముందు 'హంతకుడు అనగా' అన్న ఆ వాక్యాన్నీ, 'నీచమైన ఉద్దేశాలు' అన్న మాటనూ తీసి, చేసిన పనిని బట్టి నిర్వచనం రాయించండి. ఆ పాత ముసాయిదా మీ బీరువాలోనే ఉండి ఉంటుంది.

నేను సంతకం పెట్టిన కాగితం నకలు దీనితో జతచేస్తున్నాను.

ఇట్లు,
నిరుడు మీ దేశస్థుడైన ఒక గుంటూరువాడు,
గాలుస్, ఫ్రాంక్‌ఫర్ట్