ప్రతినాయకుడికి చీర కట్టే ముందు

సంపాదకులకు,

నమస్కారం. ప్రతినాయక పాత్రల గురించి ఇటీవల మీ ఆదివారం అనుబంధంలో వచ్చిన వ్యాసాన్ని రెండుసార్లు చదివాను. తెరమీద నియంతలుగా, ఫాసిస్టు నాయకులుగా కనిపించే కొన్ని పాత్రల నడకలో, నవ్వులో, కళ్లకు పెట్టిన కాటుకలో స్త్రీత్వం తొంగిచూస్తోందనీ, తమలోని స్త్రీని ఒప్పుకోలేని వేదనే వాళ్లను లోకం మీద పగబట్టేలా చేసిందనీ వ్యాసకర్త వాదించారు. కల్పిత పాత్రలను జెండర్ కోణం నుంచి చదవడం తప్పని నేను అనను. నా అభ్యంతరం ఆ వాదంలోని ఒక్క ధ్వనికే: మగతనం లోపించడం వల్లనే నియంత క్రూరుడయ్యాడన్న ధ్వనికి. ముప్ఫై ఏళ్లకు పైగా ఈ నగరంలో డిగ్రీ విద్యార్థులకు ఆధునిక యూరప్ చరిత్ర చెప్పిన అధ్యాపకురాలిగా, అది చరిత్రను తలకిందులు చేస్తోందని చెప్పక తప్పడం లేదు.

ఫాసిజం పార్టీగా పుట్టకముందే దాని భాష పుట్టింది. 1909లో ఇటలీ కవి మారినెట్టి వెలువరించిన ప్రణాళికలో యుద్ధాన్ని కీర్తించడమూ, స్త్రీని తృణీకరించడమూ పక్కపక్కనే కనబడతాయి. ముస్సోలినీ 1927 నుంచి పెళ్లికాని మగవాళ్ల మీద పన్ను వేశాడు, గోధుమ నూర్పిళ్ల దగ్గర చొక్కా విప్పి నిలబడి ఫొటోలు తీయించుకున్నాడు, స్త్రీకి మాతృత్వం ఎలాంటిదో పురుషుడికి యుద్ధం అలాంటిదని బోధించాడు. జర్మన్ కుర్రవాడు వేటకుక్కలా చురుగ్గా, తోలులా దిట్టంగా, క్రుప్ కర్మాగారం ఉక్కులా కఠినంగా ఉండాలని హిట్లర్ 1935లో న్యూరెంబర్గ్‌లో చెప్పాడు. మనిషిని ఉక్కుగా మలచదలచినవాడికి జాలి ఒక జబ్బులా కనబడుతుంది. ఆ జబ్బుకు ఆడతనమని పేరుపెట్టి, దాని ఛాయ ఎవరిలో కనిపించినా వెతికి నలిపెయ్యడం ఆ రాజకీయానికి నిత్యకృత్యమైంది.

వాళ్లు మొదట ఎవరి తలుపు బద్దలుకొట్టారో గుర్తుచేసుకుంటే ఈ సంగతి స్పష్టమవుతుంది. వైద్యుడు మాగ్నస్ హిర్ష్‌ఫెల్డ్ 1919లో బెర్లిన్‌లో లైంగిక విజ్ఞాన సంస్థను నెలకొల్పాడు. ఈనాడు మనం ట్రాన్స్‌జెండర్ అని పిలుస్తున్న మనుషులకు అక్కడ వైద్యం దొరికేది, కొందరికి ఉద్యోగం కూడా దొరికింది. హిట్లర్ గద్దెనెక్కి నాలుగు నెలలు నిండకుండానే, 1933 మే 6న, వ్యాయామ విద్యా కళాశాల విద్యార్థులు బ్యాండు మేళంతో వెళ్లి ఆ సంస్థను కొల్లగొట్టారు. నాలుగు రోజుల తర్వాత బెర్లిన్ నడిబొడ్డున మండిన పుస్తకాల్లో అక్కడి గ్రంథాలయం కూడా ఉంది.

ఇక వ్యాసకర్త ప్రస్తావించిన ఎర్నెస్ట్ రోమ్ విషయం. నాజీల తుఫాను దళాధిపతి అయిన రోమ్ స్వలింగ ప్రేమికుడన్నది నిజమే. అయితే ఆ నిజాన్ని ఎవరు ఎలా వాడుకున్నారో కూడా చెప్పాలి. 1931, 1932 సంవత్సరాల్లో సోషల్ డెమోక్రాట్లు, అంటే నాజీలను ఎదిరించినవాళ్లే, అతని సొంత ఉత్తరాలను అచ్చువేసి నాజీల మగతనాన్ని ఎద్దేవా చేశారు. స్వలింగ సంబంధాలను నేరంగా చూసే 175వ సెక్షన్‌ను రద్దు చెయ్యాలని అంతకుముందు అడిగిన పార్టీయే ఎన్నికల వేడిలో ఆ అస్త్రాన్ని చేపట్టింది. దానితో హిట్లర్ ఏమీ బలహీనపడలేదు. 1934లో రోమ్ తన అధికారానికి అడ్డువస్తాడని తోచినప్పుడు అతన్ని చంపించి, అదే నిందను సాకుగా చూపించాడు. మరుసటి ఏడాది 175వ సెక్షన్‌ను మరింత కఠినం చేశారు. నాజీ పాలనలో దాని కింద సుమారు లక్షమందిని అరెస్టు చేశారు, దాదాపు 50,000 మందికి శిక్షలు పడ్డాయి, వేలాదిమంది నిర్బంధ శిబిరాల్లో గులాబీరంగు త్రికోణం తగిలించుకుని బతికారు, చచ్చారు. యుద్ధం ముగిశాక కూడా పశ్చిమ జర్మనీలో ఆ కఠినమైన రూపమే 1969 దాకా అమల్లో ఉంది. నాజీ కాలపు ఆ శిక్షలను జర్మన్ పార్లమెంటు కొట్టివేసింది 2002లో. శత్రువును ఆడంగి అని వెక్కిరిస్తే ఆ మాట శత్రువుకు తగలదు, వీధి చివర ఒంటరిగా నడిచిపోయే నిరపరాధికి తగులుతుంది. అందుకే ఆ వ్యాసం చదివి నేను కలవరపడ్డాను.

మన దగ్గర ఈ మాటలకు కొదవలేదు. చట్టసభల్లోనూ బహిరంగ సభల్లోనూ "మేమేం గాజులు తొడుక్కుని కూర్చోలేదు" అనని నాయకుణ్ని వెతకాల్సి వస్తుంది. ధైర్యానికి మనం వాడే పౌరుషం అన్న మాటలోనే పురుషుడున్నాడు. అయినా మన కథలు మనకు వేరే దారి కూడా చూపించాయి. తిక్కన తన భారత రచనను మొదలుపెట్టిన విరాటపర్వాన్నే తీసుకోండి. అందులో దుర్మార్గుడు కీచకుడు. కండబలం, అధికారం, కోరిన స్త్రీ తనకు దక్కితీరాలన్న అహంకారం అతని లక్షణాలు. అదే కొలువులో జడ వేసుకుని, గాజులు తొడుక్కుని, రాచకన్యకు నాట్యం నేర్పుతున్న బృహన్నల పాండవ మధ్యముడు. ఉత్తరకుమారుడు అంతఃపురంలో ప్రగల్భాలు పలికి, కౌరవసేనను చూడగానే రథం దిగి పరుగెత్తితే, అతన్ని పట్టి తేవడానికి జడ ఊగిపోతుండగా వెంటపడిన బృహన్నలను చూసి సైనికులు కొందరు నవ్వారని వ్యాసభారతంలో ఉంది. ఆ తర్వాత యుద్ధం ఎలా ముగిసిందో తెలుగువాళ్లకు చెప్పనక్కరలేదు. 1963 నాటి ‘నర్తనశాల’లో ఎన్.టి. రామారావు బృహన్నలగా ఆడితే ప్రేక్షకులు ఆదరించారు. జకార్తా చిత్రోత్సవంలో ఎస్.వి. రంగారావుకు బహుమతి తెచ్చింది ఆ సినిమాలోని కీచకుడి పాత్రే. సత్యభామగా రంగస్థలాన్ని ఏలిన స్థానం నరసింహారావుకు 1956లోనే పద్మశ్రీ వచ్చింది. ఇంత సంపద చేతిలో ఉండి కూడా, ప్రతినాయకుడు అసహ్యంగా కనబడాలంటే అతనికి కాటుక పెట్టి, చెయ్యి వంకర తిప్పించే అలవాటు మన సినిమాలకు ఎందుకు పట్టిందో రచయితలూ దర్శకులూ ఆలోచించాలి.

మా కళాశాల వార్షికోత్సవంలో ఒకసారి ఇదే ఘట్టాన్ని నాటకంగా వేశారు. బృహన్నల వేషం కట్టిన పిల్లవాడు ఎంత బాగా చేశాడంటే, ముందు వరసలో కూర్చున్న పెద్దలు లేచి నిలబడ్డారు. మర్నాటి నుంచి వరండాలో ఆ పిల్లవాడు కనబడితే చాలు, వెనక చప్పట్లు మొదలయ్యేవి. అవి మెచ్చుకోలు చప్పట్లు కావు. అర్థం తెలియనివాళ్లు ఈ నగరంలో ఉండరు. కీచకుడి వేషం వేసినవాడి వెంట మాత్రం అదే పిల్లలు "అన్నా" అంటూ తిరిగారు. రెండో ఏడాదిలో ఆ పిల్లవాడు చదువు మానేశాడు. అధ్యాపకుల గదిలోకి ఆ చప్పట్లు వినబడుతూనే ఉండేవి. నేను లేచి వెళ్లి ఆపలేదు. ఈ ఉత్తరం రాయడానికి అది కూడా కారణం.

ఆ చప్పట్ల వెనక ఒక చట్టం కూడా ఉంది. బెర్లిన్‌లో హిర్ష్‌ఫెల్డ్ సంస్థ తెరుచుకున్న 1919లోనే, అంటే నిజాం కాలపు ఫస్లీ లెక్క ప్రకారం 1329లో, నిజాం రాజ్యంలో నపుంసకుల చట్టం చేశారు. వాళ్ల పేర్లు రిజిస్టరులో రాయాలనీ, ఆడ దుస్తుల్లో వీధిలో కనబడితే, ఆడిపాడితే, వారంటు లేకుండా అరెస్టు చేయవచ్చనీ అది చెప్పింది. తెలంగాణ హైకోర్టు అది రాజ్యాంగ విరుద్ధమని కొట్టివేసింది 2023 జూలైలో.

హీరోల్లో తమలాంటివాళ్లు ఎన్నడూ కనబడక, ప్రతినాయకుడి కాటుకలోనో శాలువాలోనో తమను చూసుకున్న ట్రాన్స్‌జెండర్ ప్రేక్షకులు ఉన్నారు. పాత్రను అలా చదువుకోవడాన్ని నేను గౌరవిస్తాను. అందులో "ఇతనూ నావంటివాడే" అన్న ఊరట ఉంది. మీ వ్యాసంలో ఉన్నది అది కాదు. "ఇతను అలాంటివాడు కనుకనే హంతకుడయ్యాడు" అన్న తీర్పు అక్కడుంది. ఈ రెండింటినీ ఒకే గాటన కట్టకూడదు.

సినిమా సమీక్షల్లో ఆడంగి, పేడి వంటి మాటలను మీ పత్రిక ఇకమీదట వాడకుండా చూడాలని కోరుతున్నాను. ఈ విషయం మీద మరో వ్యాసం వేసే ఉద్దేశం ఉంటే, దయచేసి దాన్ని మన నగరంలోని ట్రాన్స్‌జెండర్ రచయితల్లో ఎవరిచేతనైనా రాయించండి.

ఇట్లు,
ఒక విశ్రాంత చరిత్ర అధ్యాపకురాలు,
చిక్కడపల్లి, హైదరాబాద్